ఎడమవైపు పడితే

మార్చి 9

కుట్లు విప్పారు. చెంప మీద ఏడు, చెవి వెనక నాలుగు. పై పన్ను ఒకటి పోయింది. నర్సు అద్దం ఇవ్వబోయింది. వద్దన్నాను.

డైరీ రాయడం నాకిదే మొదలు. ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఇంతకుముందు లేదు. ఇప్పుడుంది. నాకు భయమేస్తోంది.

మార్చి 11

ఒకసారి రాసేస్తే తలలోంచి పోతుందేమో.

ఎల్డొరెట్ ఊళ్లో పదిహేను వందల మీటర్ల రేస్. మూడో ల్యాప్ వంపు దగ్గర పదకొండు మందిమి గుంపుగా ఉన్నాం. ఎవరి మడమో నా కాలికి తగిలింది. ఎడమవైపు పడ్డాను. పడేటప్పుడు ఎవరికైనా చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. నాకూ వచ్చింది. కానీ నా ఎడమ చెయ్యి మోచేతి కింద రెండంగుళాల దాకే ఉంది, పుట్టుకతోనే. అది నేలను అందుకోలేదు. మొహమే ముందు తగిలింది. ఆ తర్వాత ఎవరి బూట్ల స్పైక్సో చెవి వెనక దిగాయి.

ఇరవై నాలుగేళ్లలో ఆ చెయ్యి లేదని ఒక్కరోజూ ఏడవలేదు. పాలు పితికాను. కట్టెలు కొట్టాను. రెండు చేతులున్నవాళ్లను వెనక్కి నెట్టి ఈ స్థాయికి వచ్చాను.

రాశాను. పోలేదు.

మార్చి 22

ఇటెన్ కొండ మీద మా ట్రైనింగ్ క్యాంప్‌కి తిరిగొచ్చాను. తొడ కండరం పట్టేసిందని కోచ్ సిర్మాకి చెప్పాను. సరే, పది రోజులు ఒంటరిగా పరిగెత్తు అన్నాడు. అడవి దారి పట్టాను. పక్కన ఎవరూ లేకపోతే నాకంటే హాయిగా పరిగెత్తేవాడు ఈ కొండ మీదే ఉండడు.

ఏప్రిల్ 2

పది రోజులూ అయిపోయాయి. గుంపుతో ట్రాక్ మీదకి దిగాను. వెనక అడుగుల చప్పుడు వినగానే కాళ్లు నన్ను మూడో లేన్‌లోకి లాక్కుపోయాయి. నేను చెప్పలేదు వాటికి. తలామ్ చూశాడు. ఒరేయ్ బార్నో, అంత దూరాన ఆవులేమన్నా తోలుతున్నావా అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తలామ్‌కి కుడిచెయ్యి భుజం నుంచే లేదు. తొమ్మిదేళ్లప్పుడు మొక్కజొన్న పిండి మరలో పోయింది. ఐదేళ్లుగా పక్కపక్కనే పరిగెత్తుతున్నాం. వాడు నా ఎడమ పక్కన ఉంటే మా మధ్య నా మొండి చెయ్యి తప్ప ఇంకేమీ ఉండదు. మీ ఇద్దరికీ కలిపి ఒక చొక్కా చాలురా అంటుంది మా అక్క జెలగాట్.

జూన్ 14న నైరోబీలో దేశం జట్టుకి సెలెక్షన్స్. చేతి లోపం ఉన్న మా కేటగిరీలో రెండే చోట్లు. ఒకటి కిసీ ఊరి కుర్రాడిది, అందులో అనుమానం లేదు. మిగిలింది ఒకటి. తలామ్‌కో, నాకో.

ఏప్రిల్ 19

కప్సబెట్ ఊళ్లో చిన్న పరుగుల మీట్. గన్ పేలగానే అందరికంటే ముందుకు ఉరికాను. ముందుంటే నన్నెవరు తొక్కుతారు? రెండు ల్యాపులు అలాగే. మూడోదానికి ఊపిరి అయిపోయింది. ఒక్కొక్కరూ దాటి పోయారు. ఏడోవాణ్ణి.

మతాతు వ్యానులో తిరిగొస్తుంటే కోచ్ అడిగాడు, ఎప్పట్నుంచి అని. తొడ నొప్పా అన్నాను. తొడ గురించి కాదు నేనడిగింది అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మే 4

వాన వెలిశాక కోచ్ నన్ను స్కూల్ వెనక పచ్చికలోకి తీసుకెళ్లాడు. నీకు పరిగెత్తడం నేర్పాను గానీ పడటం నేర్పలేదు, తప్పు నాది అన్నాడు. గడ్డం ఛాతీకి ఆనించి భుజం మీదుగా దొర్లమన్నాడు. చెప్పి తోశాడు. చెప్పకుండా తోశాడు. ముప్పై సార్లు. పాలు ఇవ్వడానికి వచ్చిన అక్క చూసి, నేనూ తోస్తాను, వీడి మీద చిన్నప్పటి కోపాలున్నాయి నాకు అంది. నవ్వుతూనే తోసింది. చివర్లో నవ్వలేదు.

తలామ్‌ని కూడా పిలిచాడు కోచ్. నేను పడను సార్, పడేవాడికి నేర్పండి అన్నాడు.

మే 5

భుజమంతా నొప్పి. భయం అలాగే ఉంది.

మే 23

అక్క ఉగాలీ, మొక్కజొన్న ముద్ద, వడ్డిస్తూ నా మొహం చూడకుండా అంది: మానెయ్ తమ్ముడూ. ఊళ్లో ఎవడేమన్నా నేను సమాధానం చెప్తా. నువ్వు ఇంటికి రా, చాలు.

గిన్నె పక్కకి తోసి లేచి వెళ్లిపోయాను. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాను. అందుకే అంత కోపం వచ్చింది.

జూన్ 13, సాయంత్రం 5

నైరోబీ. నాదీ తలామ్‌దీ ఒకే గది. వాడు మూడు చపాతీలు తిన్నాడు. నాకు టీ కూడా దిగలేదు. వాడు చూస్తూనే ఉన్నాడు. చివరికి, నాకు తెలుసురా అన్నాడు. ఏం తెలుసు అన్నాను. కప్సబెట్‌లో నీ మొహం చూశానులే అన్నాడు. రేపు నా కుడి పక్కనే ఉండు, అటునుంచి నిన్నెవడూ మోచేత్తో పొడవడు, చివరి రెండు వందల మీటర్ల దాకా అలాగే పోదాం, తర్వాత ఎవడి బతుకు వాడిది అన్నాడు.

ఒక్క చోటు కోసం నాతో పోటీ పడుతున్నవాడు ఆ మాటన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

జూన్ 14

ఇది ఎవరికీ చెప్పను. ఇక్కడే రాస్తాను.

మొదటి రెండు ల్యాపులు చిట్టచివర ఉన్నాను. దగ్గరికి పోబోతాను, ఎవరి మోచెయ్యో కదులుతుంది, వెనక్కి తగ్గుతాను. నోట్లో పన్ను లేని చోట నాలుక ఆడుతూనే ఉంది. మూడో ల్యాపులో తలామ్ వెనక్కి తిరిగి చూశాడు. నాకోసమే. వేగం తగ్గించాడు. రారా అని అరిచాడు. వెళ్లాను. వాడి కుడి పక్కన చేరాను. వంద మీటర్లు, ఇన్ని నెలల్లో మొదటిసారి, గుంపు మధ్యలో ఊపిరి తీసుకున్నాను.

ఇంకో మూడు వందలుందనగా వెనకనుంచి వచ్చినవాడు తలామ్ మడమని తొక్కాడు. నాకోసం ఆగకపోతే వాడక్కడ ఉండేవాడే కాదు. కుడివైపు పడ్డాడు, నా కాళ్ల ముందు. ఆనించడానికి అటు చెయ్యి లేదు. ఏదో విరిగిన చప్పుడు విన్నాను. దూకాను.

గాల్లో ఉండగానే తెలిసింది, భయం పోయిందని. ఒక్కసారిగా, మొత్తం. ఈ రోజు ఎవరో ఒకరు పడాలి, ఆ పడేవాడు పడిపోయాడు, ఇక నేను కాదు. అదే అనుకున్నాను. సంతోషమేసింది. వెనక్కి చూడలేదు. అంత వేగంగా నేనెప్పుడూ పరిగెత్తలేదు.

రెండో స్థానం. టీమ్‌లో నా పేరు ఉంది.

కోచ్ కౌగిలించుకున్నాడు. భయాన్ని గెలిచావు అన్నాడు.

జూన్ 17

తలామ్ హాస్పిటల్లోనే ఉన్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, దవడకి కట్టు. మాట ముద్దగా వస్తోంది. నేను పడ్డప్పుడు నువ్వు భయపడ్డావా అని అడిగాడు.

చాలా అన్నాను.

నమ్మాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.