పేగుకు పంచరు కాలేదు
బాన్సువాడ

గంగక్కకు తమ్ముడు భీంరావు దండాలు. ఫోన్‌లో చెబితే ఉత్తినే సముదాయిస్తున్నానంటావని కార్డు రాస్తున్నాను. నా పేగుకు చిల్లు పడలేదు. మొన్న డాక్టరమ్మ “పేగు లీకైతుందేమో” అంటే, పంచర్లు వేసేవాణ్ణి కదా, చిల్లే అనుకొని నిన్నూ ఏడిపించాను. నేను ట్యూబును నీళ్లలో ముంచి చూసినట్టే, వాళ్లు ఏవో తీపి నీళ్లు తాగించి, ఆ తీపి పేగు దాటి మూత్రంలోకి ఎంత దిగిందో చూశారు. “చిల్లు గాదన్నా, లోపటి పొర జర వదులైంది. నొప్పి గోలీలు బంద్ చెయ్, సర్దుకుంటది” అన్నది డాక్టరమ్మ. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఆ గోలీలు నా నడుము నొప్పికని నువ్వు మద్నూర్ నుంచి పంపినవే. ఇక పంపకు. నల్లమేక ఈనిందా? నాకు ఆపరేషన్ అక్కర్లేదు, దానికని మేకను అమ్మొద్దు. బావకు దండాలు, పిల్లలకు దీవెనలు.

నీ మోకాళ్లకూ అవే గోలీలు మింగుతున్నావు, మానెయ్యి. ట్యూబుకైతే అతుకు వేస్తాను గానీ, నీ పేగుకు వెయ్యలేనక్కా.