గౌరి పొదుగుకున్న లోకజ్ఞానం

ఏమండీ,

మీరు పోయి ఏడాదైంది. ఈ రోహిణి కార్తెలో సముద్రపు గాలి కూడా మన పశువుల కొట్టం దాకా రావడం మానేసింది. మీ ముద్దుల ఆవు గౌరి పాలు సగానికి పడిపోయాయి.

"మేత మేస్తా పాలు ఎగ్గొడతా ఉండాదమ్మా. అమ్మేస్తా," అన్నాడు మన పెద్దోడు. బేరగాడిని కూడా రమ్మన్నాడు.

వాడి కూతురు, పశువైద్యం చదువుతున్న లత, గౌరి వీపు మీద నీళ్లు కుమ్మరిస్తూ అడ్డుపడింది. "ఎగ్గొట్టడం కాదు నాయనా! ఒళ్లు కాగిపోతే పొదుగులోని కణాలు పాలు చేసే జన్యువుల జోరు తగ్గించేస్తాయి. తమను కాపాడే జన్యువులకు పని చెప్తాయి. అది ముందు బతకొద్దా?"

బడిలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ కణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నానే గానీ, దానికి ఇంత లోకజ్ఞానం ఉందనుకోలేదండీ. ఆ పొదుగు మీద నాకు గౌరవం పుట్టింది. దాని తరఫున తండ్రితో వాదించిన పిల్ల మీద ఇంకా ఎక్కువ.

పెద్దోడు బేరగాడిని రావద్దన్నాడు. కొట్టంలో ఫ్యాను బిగించాడు.

మీరుంటే గౌరిని మెచ్చుకునేవారు. నేను మిమ్మల్ని తిట్టేదాన్ని. ఎండకు పని తగ్గించుకోవాలని పొదుగుకు తెలిసింది. నిరుడు మిట్టమధ్యాహ్నం, వద్దంటున్నా పార భుజాన వేసుకుని చేలోకి పోయిన మీకు తెలియలేదు.