పిడిలో నీ చెయ్యి

అన్నయ్యా,

బాగున్నావా అని రాసి కొట్టేశాను. అలవాటు... నువ్వు వెళ్ళిపోయి ఒక చలికాలం గడిచింది. మన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మళ్ళీ ఎండలు మొదలయ్యాయి.

నాకు నర్సింగ్ ఆఖరి ఏడాది. ఆసుపత్రిలో ట్రైనింగ్ డ్యూటీ, తర్వాత క్లాసులు, ఇంటికొస్తే అమ్మ. అలిసిపోయాను అన్నయ్యా. ఏడుద్దామన్నా ఓపిక ఉండటం లేదు. నువ్వుంటే ఏమనేవాడివో తెలుసు. "యూనివర్సిటీకి వెళ్తున్నావా, యుద్ధానికా బుజ్జీ?"

యుద్ధమంటే గుర్తొచ్చింది... నీ కత్తి సంగతి చెప్పాలి.

ఇంజనీరింగ్ అసైన్‌మెంట్లు పక్కన పడేసి గ్యారేజీలో చేశావే, ఆ కెల్టిక్ కత్తి. పాతకాలపు కెల్టిక్ జనంలా వేషాలు కట్టి ప్రదర్శనలిచ్చే ఫియోనా ఆర్డరిచ్చింది కదా. ఇనుప అలుగంతా నువ్వే పూర్తి చేశావు. కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి, పదును పెట్టి... పిడి ఒక్కటే మిగిలింది. చేతులు పైకెత్తి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి ఆకారం. ఆ మనిషి సన్నటి నడుమే పట్టుకునే చోటు. ఫియోనా కొలతకి వచ్చేలోపే, నీ చెయ్యి పెట్టి చూసుకుంటూ కర్రలో వేళ్ళకి గుంటలు తీశావు. ఆ వారమే ఆ కారు నిన్ను గుద్దింది.

అమ్మ ఎన్ని మాటలనేదో గుర్తుందా? ప్రార్థన కూడికలు జరిగే ఇంట్లో కత్తులేమిటని, చర్చిలో ఆంటీలు ఏమనుకుంటారని... ఇప్పుడు అదే కత్తిని తువ్వాల్లో చుట్టి పక్కలో పెట్టుకుంది. సాయంత్రం బైబిలు మూసి, నీ వేళ్ళ గుంటల్లో తన వేళ్ళు పెట్టుకుని మంచం మీదే కూర్చుంటుంది. పిలిచినా మంచం దిగదు.

మొన్న ఫియోనా వచ్చింది. చిన్న చెయ్యి. పిడి పట్టుకుంటే ఇటూ అటూ తిరిగిపోతోంది. అయినా మార్చొద్దంది, కళ్ళు తుడుచుకుంది. మేమే ఉంచుకున్నా సరేనంది. అమ్మ మొహంలో ఎన్నాళ్ళకో కాస్త వెలుగొచ్చింది. నాకూ హమ్మయ్య అనిపించింది, అబద్ధం ఎందుకు...

కానీ నీ మాట నన్ను వదల్లేదు. "చేతికి ఫిట్ అవ్వకపోతే అది షోకేస్ పీసేనే, కత్తి కాదు." ఎన్నిసార్లు అన్నావు! ఉంచుకుంటే మాత్రం... అమ్మ ఆ మంచం దిగుతుందా?

ఫియోనాని ఒప్పించి ఆమె చేతి కొలత తీసుకున్నాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక అమ్మ పక్కలోంచి కత్తి తెచ్చుకుని, గ్యారేజీలో ఆకురాయి తీశాను. కత్తిని బల్లకి బిగించడం చేతకాక తంటాలు పడుతుంటే అమ్మ గ్యారేజీలోకి వచ్చింది. నువ్వు పోయాక ఇదే మొదటిసారి. తువ్వాలు చుట్టిన అలుగుని తనే గట్టిగా అదిమి పట్టుకుంది, మొహం పక్కకి తిప్పుకుని. నేను అరగదీశాను. ముందు చూపుడువేలి గుంట పోయింది... నీ మీద ఎంత కోపమొచ్చిందో! అంత లోతుగా ఎవరు తియ్యమన్నారు నిన్ను?

తుడిచి అమ్మ చేతికిచ్చాను. పిడి మీద వేళ్ళతో వెతుక్కుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేళ్ళు ఎక్కడా కుదురుకోలేదు. కత్తి నా చేతిలో పెట్టి, ఇంక ఫియోనాకి ఇచ్చెయ్యమంది.

రేపు ఇచ్చేస్తాను అన్నయ్యా.

బుజ్జి