స్మేమ్ అంటే రెండు అర్థాలు

అమ్మా, నేను క్షేమం. బదిలీ మాట విని బెంగపడకు.

మంగళవారం పిల్లలచేత "స్మేమ్, స్మేష్, స్మే" అని క్రియ వల్లె వేయిస్తుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి అర్థం అడిగాడు. "నాకు అనుమతి ఉంది" అని కొందరు, "నాకు ధైర్యం ఉంది" అని కొందరు చెప్పారు. మన సెర్బియన్‌లో రెండూ ఒప్పే కదా!

"ఆ రెండోది కొట్టేయించు పంతులమ్మా, పిల్లలు చెడిపోతారు" అన్నాడాయన.

"కొట్టేయించనండీ."

"నాకే ఎదురు చెప్తావా? అంత ధైర్యమా?"

"స్మేమ్" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు.

అందుకే నన్ను కొండమీది బడికి వేశారు. ఉన్ని మేజోళ్ళు పంపు. ఆవు ఈనిందా? చెల్లి దరింకకు దగ్గు తగ్గిందా? క్షమాపణ రాయమని నాన్న పోరుతున్నాడట, చచ్చినా రాయనని చెప్పు. కొండమీద కూడా మొదటి పాఠం ఆ క్రియే.

చెల్లికి ముద్దులు. నాన్న చేతిని మర్యాదగా నా బదులు నువ్వే ముద్దుపెట్టుకో.

నీ లెపొసావ
ఉజిత్సె నుంచి