ఒక్క "లీ" తేడా

3వ తేదీ, సోమవారం. ఉదయం.

ఈ రోజు నుంచి ఇంట్లో ఎవరి ఇంగ్లీషూ దిద్దను. గట్టి నిర్ణయం.

కారణం అత్తయ్య. నిన్న వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు. "చిన్నోడు నీ ముందు నోరు విప్పడానికే జంకుతున్నాడమ్మా. ఇంటర్వ్యూ అయ్యేదాకా వాడి ఇంగ్లీషు జోలికి వెళ్లకు."

చిన్నోడంటే మా మరిది. బస్సుల వర్క్‌షాపులో మెకానిక్. అక్కడే సూపర్‌వైజర్ ఖాళీ పడింది. వచ్చే వారం శుక్రవారం ఇంటర్వ్యూ, ఇంగ్లీషులో. పోయినసారి ఖాళీ వచ్చినప్పుడు లోపలికి వెళ్లి, నోరు పెగలక, నమస్కారం పెట్టి బయటికొచ్చేశాడు. మళ్లీ అలా జరిగితే ఇక దరఖాస్తే పెట్టడు.

నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని. పగలంతా దిద్దుతూనే ఉంటాను. ఇంటికొచ్చాక నాలుగు గంటలు నోరు కట్టేసుకోలేనా? చాలా తేలిక.

అదే రోజు, సాయంత్రం.

మరిది అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాడు. "ఐ వర్క్ వెరీ హార్డ్‌లీ, సర్."

నాలుక కొరుక్కున్నాను. నిజంగానే. మంట పుడుతోంది.

4, మంగళవారం.

ఏడో తరగతికి ఇవాళ అనుకోకుండా హార్డ్, హార్డ్‌లీ గురించి చెప్పాను. పాఠంలో లేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బేలా ఉంది.

"వర్క్ హార్డ్ అంటే ఒళ్లు వంచి పని చేయడం. హార్డ్‌లీ వర్క్ అంటే పని చేసీ చేయనట్టు. స్లోకి లీ పెడితే స్లోలీ అయింది కదా అని హార్డ్‌కీ పెట్టారనుకోండి, ఒక్క లీతో కష్టజీవి సోమరిపోతు అయిపోతాడు."

పిల్లలు నవ్వారు. నాకు మరిది మొహం గుర్తొచ్చి నవ్వు రాలేదు.

ఇంట్లో మాత్రం ఒక్క మాట అనలేదు. అత్తయ్య మెచ్చుకోలుగా చూశారు.

6, గురువారం.

ఇవాళ మా పాపకి చదువు చెప్పాను. హాల్లో, మరిది పక్కనే. కొంచెం గట్టిగా.

"హార్డ్‌లీ అనకూడదు. హార్డ్ అనాలి. ఏమనాలి?"

"అమ్మా, మాకు ఇది లేదు. మేమింకా జంతువుల పేర్లలోనే ఉన్నాం."

"వస్తుంది. ముందే నేర్చుకుంటే మంచిది."

మరిది చెవులు రిక్కించి విన్నాడు. మా ఆయన పేపరు కిందకి దించి, "నీ నిర్ణయం ఏమైంది?" అన్నాడు.

కన్నకూతురికి చదువు చెప్పడం దిద్దడం కిందకి రాదు.

8, శనివారం.

మరిది బాగానే విన్నాడు. ఎక్కువే విన్నాడు. లీ అనేదే తప్పనుకుని, కనిపించిన చోటల్లా పీకేశాడు. హార్డ్‌లీ పోయింది. మంచిదే. దాంతోపాటు డైలీ కూడా పోయింది.

"ఐ కమ్ టు ద వర్క్‌షాప్ డై, సర్."

రోజూ పనికొస్తానని చెప్పబోయి, చావడానికొస్తానంటున్నాడు. దిండులో మొహం పెట్టుకుని నవ్వాను. తరవాత భయం వేసింది. ఇది నా పుణ్యమే.

11, మంగళవారం.

డైలీ ఎలాగోలా వెనక్కి వచ్చింది. వర్క్‌షాపులో ఎవరో చెప్పారట. ఆ ఎవరోకి ఉన్నపాటి స్వేచ్ఛ నాకు లేదు.

14, శుక్రవారం. ఉదయం.

అయిపోయింది. నిర్ణయం గేటు దగ్గర కూలిపోయింది.

మరిది ఇస్త్రీ చొక్కాలో, బూట్ల తాళ్లు కట్టుకుంటూ చివరిసారి చదువుకుంటున్నాడు. "ఐ హార్డ్ టేక్ లీవ్, సర్." సెలవు దాదాపు పెట్టనని అతని ఉద్దేశం. అక్కడ హార్డ్‌లీయే ఉండాలి. నా మాట విని, ఉన్న ఒక్క మంచి లీని కూడా పీకేశాడు.

ఆటో ఎక్కబోతుంటే పరిగెత్తాను. "పనికి హార్డ్. సెలవుకి హార్డ్‌లీ. తారుమారు చేశావంటే, పని ఎగ్గొట్టి సెలవులు పెట్టేవాడివవుతావు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు వదినా?"

ఆటో వెళ్లిపోయింది. గుమ్మంలో అత్తయ్య. తలుపు చప్పుడయ్యేలా వేసి లోపలికి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం.

మరిది వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మొదటి ప్రశ్నకే ఆగిపోయాను వదినా. ఏది పనికో, ఏది సెలవుకో గుర్తు రాలేదు. ఇంటర్వ్యూ చేస్తున్న పెద్ద మేడమ్ జాలిపడి, కంగారు పడకు, నేనూ కింద నుంచే వచ్చాను అంది. ఐ ఆల్సో వర్క్‌డ్ వెరీ హార్డ్‌లీ, అంది."

"నువ్వేమన్నావు?"

"హార్డ్‌లీ కాదు మేడమ్, హార్డ్, అన్నాను."

అత్తయ్య చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టేశారు.

"హార్డ్‌లీ అంటే పని చేసీ చేయనట్టు అని కూడా చెప్పాను. నోరు ఆగలేదు. పక్కనున్న ఇద్దరు ఆఫీసర్లూ కాగితాల్లోకి తలలు దూర్చేశారు. బయట కూర్చో అంది మేడమ్."

కాసేపటికి మళ్లీ పిలిచిందట. పైవాళ్లకి ఎదురు చెప్పలేక ఒక సూపర్‌వైజర్ ఊరుకుంటే, మొన్న బ్రేకులు సరిగా లేని బస్సు రోడ్డెక్కిందట. "నువ్వు ఊరుకునే రకం కాదు. ఒకటో తారీఖున వచ్చి చేరు," అందట. "నా ఇంగ్లీషు జోలికి మాత్రం రాకు."

అత్తయ్య కొడుకు తల నిమిరి, నా చేతిలో టీ పెట్టారు. ఏ పాపానికో, ఏ పుణ్యానికో తెలియదు. తాగేశాను.

15, శనివారం.

మరిది గ్రామర్ పుస్తకం కొన్నాడు.

మా హెడ్‌మిస్ట్రెస్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాను. "వీ విల్ డిస్కస్ అబౌట్ ఇట్, మేడమ్," అన్నాను. సోఫాలోంచి గొంతు.

"డిస్కస్ పక్కన అబౌట్ రాదు వదినా."

అవతల ఆవిడకీ వినిపించింది. చెవులు కాలిపోయాయి. అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఇంకా మండింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో అందరికీ నేను చేస్తున్నది ఇదేనా?

16, ఆదివారం.

నిర్ణయం మళ్లీ మొదలు. ఈసారి ఇద్దరం. ఎవరి ఇంగ్లీషూ దిద్దం. జాగ్రత్త కోసం మేమూ ఇంగ్లీషు మాట్లాడం.

పొద్దుటినుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. సాయంత్రం పక్కింటావిడ అభినందించడానికి వచ్చింది. అత్తయ్య మురిసిపోతూ చెప్పారు.

"మా కోడలూ, మా చిన్నోడూ, ఇద్దరూ ఇంగ్లీషు హార్డ్‌లీ మాట్లాడతారు."

మరిది నా వైపు చూశాడు. గొంతు దాకా వచ్చింది అతనికి, కనిపిస్తూనే ఉంది. టీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు. నేను బిస్కెట్ మొత్తం నోట్లో కుక్కుకున్నాను.

నములుతూ ఆలోచిస్తే తట్టింది. ఇవాళ మేమిద్దరం ఇంగ్లీషు మాట్లాడిందే లేదు. అత్తయ్య వాక్యంలో దిద్దడానికి ఏమీ లేదు.

"అబ్బో," అంది పక్కింటావిడ.