ఖాజాబీ అనుమతి పత్రం

బందరు,
14-11-1978.

డ్రిల్లు మాస్టారు అనంతపద్మనాభం గారికి నమస్కారం.

జాతీయ పోటీల్లో పరుగు పందానికి మా ఖాజాబీ బదులు మీ మేనకోడలు వెళ్ళిందని నిన్ననే తెలిసింది. ఎందుకని బడి ఆఫీసుకు వెళ్ళి అడిగాను. మా ఆచారం ఒప్పదు కాబట్టి అమ్మాయిని నిక్కరుతో పరుగెత్తనివ్వనని నేను రాసిచ్చినట్టున్న కాగితం చూపించారు. కింద సంతకం నాదే.

పోయిన నెల మీరు నా కుట్టు మిషను దగ్గరికొచ్చి, "అనుమతి పత్రం సాయిబుగారూ, తొందరగా కానివ్వండి, బస్సు పోతుంది" అన్నారు. సంతకం పెట్టాను. ఆ నిక్కరు కుట్టింది నేనేనని మీకు తెలుసు. మంగినపూడి ఇసుకలో మూడేళ్ళు మీరు ఖాజాబీని పరుగెత్తిస్తుంటే, మా పేటలో అడిగినవాళ్ళకి, "మాస్టారున్నారు, భయం లేదు" అని చెబుతూ వచ్చాను.

ఖాజాబీ నాతో మాట్లాడటం లేదు. "వద్దనేవాడివి ముందే అనాల్సింది బాబా" అంది, అంతే.

మీ మీద ఫిర్యాదు రాయను. ఒక్కసారి వచ్చి, నేను వద్దనలేదని దానికి చెప్పండి. రోజూ చిట్టా రాసుకునే మనిషిని, చదవకుండా సంతకం పెట్టానంటే అది నమ్మడం లేదు. మీరు తెచ్చారని చదవలేదు.

ఇట్లు,
ఖాజాబీ తండ్రి.