కింది వాటా ఆవిడ

ఒతారు,
ఫిబ్రవరి 9.

ప్రియమైన మిత్సుయే అక్కకు,

చెల్లెలు చిజురు నమస్కారాలు. మీ హకొదాతేలో సముద్రపు గాలి ఇంకా కోస్తూనే ఉంటుంది. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. బాగాలేనిది మనసే.

నన్నెవరో వెంటాడుతున్నారక్కా. గాజు సామాన్ల కొట్టు నుంచి ఇంటికొచ్చే దారిలో, వెనక మంచు మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నేను ఆగితే అదీ ఆగుతుంది. మొన్న కొట్టుకొచ్చిన పాత స్నేహితుడు కజితానితో కాసేపు మాట్లాడి నవ్వాను. మర్నాడు మా యజమానికి ఎవరో ఫోన్ చేసి, నేను మగాళ్లతో ఇకఇకలాడుతున్నానని చెప్పారట. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతట.

మా ఆయనకు చెప్పాను. "ఇంకెవరు, కింది వాటా హనేదా. ముసలమ్మకి వేరే పనేముంది?" అన్నారు. నిజమే, నేను వీధిలోకి దిగగానే ఆవిడ కర్టెన్ కదులుతుంది. ఇక చూడు, తినే అన్నంలోనూ ఆవిడ మొహమే. చెత్త పారేయడానికి వెళ్లినా ముందు ఆ కిటికీ వైపే చూసేదాన్ని.

చివరికి ఆవిడ గుమ్మం ముందే నిలబడి, నా మీద మీకెందుకింత కన్ను అని అడిగేశాను.

ఆవిడ కోప్పడలేదు. "నేను చూసేది నిన్ను కాదమ్మాయ్, నీ వెనక వచ్చేవాణ్ణి" అంది. ఎవరంటే, "నేను చెబితే నమ్మవు. ఓసారి నువ్వే తిరిగి చూసుకో" అని తలుపేసుకుంది.

సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. వెచ్చటి కొతాత్సు బల్ల దుప్పటి కింద కాళ్లు పెట్టుకుని నారింజ ఒలుస్తూ విన్నారు. "ఇంకేమంది?" అన్నారు. ఇంకేం లేదన్నాను. తొనలు నా చేతిలో పెట్టారు.

మర్నాడు పొద్దున హనేదా గారు తన గుమ్మం మెట్ల మీద జారి పడ్డారు. తలకు దెబ్బ, తుంటి విరిగింది. ఆ మెట్లు మాత్రమే అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. ఆంబులెన్స్ పిలిచింది ఆయనే. అది వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటే వీధంతా మెచ్చుకుంది. ఇంట్లోకొస్తే మా బకెట్టు తడిగా ఉంది. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

కొన్నాళ్లు నీ దగ్గర ఉండాలని ఉందక్కా. నువ్వే రమ్మని రాస్తే ఆయన కాదనరేమో. బావగారికి నా నమస్కారాలు.

నీ చెల్లెలు,
చిజురు

తా.క.: ఈ ఉత్తరం సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. హనేదా గారికి తెలివొచ్చింది. మెట్ల మీద నీళ్లు పోసింది మా ఆయనేనట, ఆవిడ కిటికీలోంచి చూసిందట. చూసి కూడా ఆ మెట్లు ఎందుకు దిగారని అడిగాను. "నువ్వు పనికి బయల్దేరావు. వాడు నీ వెనకే కదిలాడు. ఇక ఆగలేకపోయానమ్మా" అంది.

బయటికొచ్చి తిరిగి చూశాను. ఆఫీసులో ఉండాల్సిన మనిషి రోడ్డవతల ఉన్నారు. దాక్కోలేదు. దగ్గరికొచ్చి నా మఫ్లర్ సరిచేసి, "జలుబు చేస్తుంది, ఇంటికి పద" అన్నారు. ఉత్తరం వేసి వస్తానని పోస్టాఫీసులోకి వచ్చాను. అద్దాల తలుపు బయట నిలబడి నన్నే చూస్తున్నారు. కౌంటర్లో అమ్మాయి వెనక దారి చూపిస్తానంది.

నీ దగ్గరికి రానక్కా, ఆయన ముందు వెతికేది అక్కడే. ఎక్కడికి వెళ్తున్నానో రాయను. ఆయన వస్తే, ఉత్తరమే అందలేదని చెప్పు. చాలా మర్యాదగా అడుగుతారు.